మంత్రగత్తె ముద్ర: చేతబడి నెపమున మడిసినవారిని మన వాఙ్మయము స్మరించిన తీరు

చేతబడి, బాణామతి, చిల్లంగి అను మాటలను వినని తెలుగువాడు అరుదు. గోదావరి, విశాఖ మన్యప్రాంతములలో చిల్లంగి యనియు, తెలంగాణమునను దాని నానుకొనియున్న బీదరు, కలబురగి సీమలలోను బాణామతి యనియు, తక్కినచోట్ల చేతబడి యనియు వ్యవహరింపబడు ఈ విశ్వాసమును గూర్చి కథలు కలవు, నవలలు కలవు, చలనచిత్రములు కలవు. కాని ఈ విశ్వాసము పేర నిందింపబడి, కొట్టబడి, పండ్లు ఊడగొట్టబడి, చంపబడిన మనుష్యులను గూర్చి మన వాఙ్మయమున ఎంత యున్నదని వెదకినచో దొరకునది స్వల్పము. మంత్రము మనకు జ్ఞాపకమున్నది. మంత్రగాడు జ్ఞాపకమున్నాడు. మంత్రగాడను నెపమున మడిసినవాడు మాత్రము జ్ఞాపకము లేడు. ఈ విస్మృతికి కారణమేమి, మన గ్రంథములు దీనికి ఎంతవరకు బాధ్యములు అనునదే ఈ వ్యాసమున విచార్యము.

ఇట్టి నిందకు గురియైనవారిని స్మరించు విషయమున లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలోని సేలం. నాడు అది మసాచుసెట్సు అను బ్రిటిషు వలసరాజ్యములోనిది. 1692లో కొందఱు బాలికలకు వచ్చిన వింత మూర్ఛలను మంత్రప్రయోగముగా భావించి, 150 మందికి పైగా జనులపై నేరము మోపిరి. 19 మందిని ఉరితీసిరి. వారిలో 14 మంది స్త్రీలు, 5గురు పురుషులు. అభియోగమునకు సమాధానము చెప్ప నిరాకరించిన జైల్స్ కోరీ అను వృద్ధుని బండల బరువు క్రింద నలిపి చంపిరి. చెరసాలలో కనీసము 5గురు మరణించిరి. నిందితుని ఆకారము తమకు కనబడి తమను పీడించినదని సాక్షులు చెప్పిన మాటను న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహించెను. నేరము నొప్పుకొని నిలిచినవారు బ్రదికిరి. ఎన్నడును చేయని పనిని చేసితిమని చెప్ప నిరాకరించినవారు మడిసిరి.

ఆ పిమ్మట జరిగినదియు గమనింపదగినదే. 1697లో నాటి న్యాయాధిపతులలో నొకడైన సామ్యూల్ సీవాల్ చర్చిలో అందఱి యెదుట తన దోషము నంగీకరించెను. 1711లో వలసప్రభుత్వము పలువురి శిక్షలను రద్దుచేసి వారి కుటుంబములకు పరిహారము నొసగెను. మిగిలినవారిలో కొందఱి పేర్లు 1957లోను, మఱికొందఱి పేర్లు 2001లోను నిర్దోషుల పట్టికలో చేరినవి. చివరగా మిగిలిన ఎలిజబెత్ జాన్సన్ అను స్త్రీ పేరు, ఉత్తర ఆండోవరులోని ఒక పాఠశాల విద్యార్థులు పట్టుబట్టి పనిచేయగా, 2022లో నిందాముక్తమైనది. మూడువందల ముప్పది సంవత్సరముల తరువాత నైనను ఇది సాధ్యమగుటకు ఒకే కారణము: ఆ విచారణల కాగితములు నిలిచియున్నవి. నిందితురాలు తన నోట పలికిన నిరాకరణము అందు వ్రాయబడియున్నది. రాజ్యము విధించిన శిక్ష కనుక రాజ్యము రద్దు చేయగలిగినది.

మన దేశమున కథ తలక్రిందులు. 1736 నుండి గ్రేట్ బ్రిటనులో మంత్రవిద్య నేరము కాకపోయెను. మంత్రశక్తి కలదని నటించి జనులను మోసగించుటయే నేరమాయెను. కావున ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానములు ఇచ్చట మంత్రగత్తెలను విచారింపలేదు. మంత్రగత్తెలని చెప్పి చంపినవారిని విచారించినవి. 1792లో రామ్‌గఢ్ ప్రాంతమున ఐదుగురు స్త్రీలను ఇట్లే చంపిన వ్యాజ్యమును గూర్చి గవర్నరు జనరలుగా నున్న సర్ జాన్ షోర్ ‘ఏషియాటిక్ రిసర్చెస్’ సంపుటమున వ్రాసెను. 1860లో ఇండియన్ పీనల్ కోడు ఏర్పడిన పిమ్మట ఇట్టి చంపుడు దేశమంతట హత్యగనే పరిగణింపబడినది. ఒక సామ్రాజ్యము ఒక ఖండమున మంత్రగత్తెలను ఉరితీసినది. మఱొక ఖండమున మంత్రగత్తెలను చంపినవారిని ఉరితీసినది. రెండవది మొదటిదానికంటె న్యాయ్యమైనదనుటలో సందేహము లేదు. కాని స్మృతి విషయమున దీని ఫలితము వేఱైనది.

సేలంలో నిందితురాలు ముద్దాయి. ఆమె బ్రదికి, నిలుచుండి, మాటలాడినది. మన న్యాయస్థానమున ముద్దాయి హంతకుడు. నిందితురాలు అప్పటికే మృతురాలు. ఆమె గాయములను వైద్యుడు వ్రాసినాడు. ఆమె మాటను వ్రాసినవాడు లేడు. ఆమెను మంత్రగత్తె యని తీర్పు చెప్పిన సభ ఏ రచ్చబండ కడనో, ఏ చింతచెట్టు నీడనో జరిగినది. ఆ తీర్పునకు కాగితము లేదు. కాగితము లేని తీర్పును ఏ శాసనసభయు రద్దు చేయజాలదు. హంతకునికి శిక్షపడినను, ఆమెపై మోపిన నింద ఊరి నోట అట్లే నిలిచిపోయినది. ‘చంపుట తప్పేగాని, ఆమె మాత్రము చేయనిదా?’ అను గుసగుస తీర్పు తరువాతను ఆగదు.

వలసపాలనలోని ఇతర దేశములందును ఈ స్థితియే కానవచ్చును. 1932లో కెన్యాలో కాంబా జాతికి చెందిన 60 మంది పురుషులకు, మంత్రగత్తె యని ఒక స్త్రీని కొట్టి చంపినందులకు, మరణశిక్ష విధింపబడినది. ఆ శిక్ష పిమ్మట తగ్గింపబడినది. లండను పత్రికలలోను పార్లమెంటులోను చర్చ నడచినది ఆ 60 మంది ప్రాణములను గూర్చి, ఆచారమునకును చట్టమునకును గల వైరుధ్యమును గూర్చి. మరణించిన ఒక్క స్త్రీ ఆ చర్చకు సందర్భము మాత్రమే యైనది. మన దేశమున 1857లో ఛోటానాగపూరున ప్రభుత్వాధికారము సడలినప్పుడు మంత్రగత్తెల వేట మఱల తలయెత్తిన విధమును చరిత్రకారుడు శశాంక్ సిన్హా వివరించినాడు. పరాయి ప్రభుత్వము నిషేధించినది గనుక ఆ వేట కొందఱికి ప్రతిఘటన రూపముగా తోచినది. పాలకునికి అది అనాగరికతకు నిదర్శనము. తిరుగబడినవానికి స్వాతంత్ర్యమునకు చిహ్నము. ఈ ఉభయుల నడుమ చచ్చినది ఊరిలోని ఒంటరి స్త్రీ.

తెలుగునాట మన్యప్రాంతముల స్థితి మఱియు విశిష్టము. 1839 నాటి 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగి, కలెక్టరే ఏజెంటుగా పరిపాలింపబడినవి. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరినవి. ఈ సీమల విశ్వాసములను గూర్చి మనకు మిగిలిన సాక్ష్యము ముఖ్యముగా ఇంగ్లీషువారి రచనలే. దుమ్ముగూడెమున మిషనరీగా నుండిన జాన్ కెయిన్ 1876 మొదలుకొని ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో కోయలను గూర్చి వ్రాసెను. అకాలమరణము సంభవించినపుడు దానికి ప్రయోగము చేసిన శత్రువెవడో కనుగొనవలెనను పట్టుదలయు, అనుమానింపబడినవాడు కాగిన నీటిలోనో నూనెలోనో చేయిపెట్టి నిజము నిరూపించుకొనవలసిన దివ్యపరీక్షయు ఆ రచనలనుండియే లోకమునకు తెలిసినవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన ‘దక్షిణభారత కులములు, జాతులు’ అను గ్రంథమునను, 1912 నాటి శకునములు, మూఢవిశ్వాసముల గ్రంథమునను ఇట్టి విషయములను కూర్చెను. మంత్రగాడని తలచినవాని ముందరి పండ్లు ఊడగొట్టు ఆచారము, మంత్రాక్షరములు స్ఫుటముగా పలుకకుండుటకై చేయునది, ఇట్టి గ్రంథములకెక్కిన వింతలలో నొకటి.

ఈ గ్రంథముల ఉపకారము కాదనరానిది. అవి లేకున్నచో ఈ మాత్రమును తెలియకపోయెడిది. ఐనను వాని దృష్టిలోని లోపము స్పష్టము. వారు వ్రాసినది ఆచారమును గూర్చి. ఆచారమునకు బలియైనవానిని గూర్చి కాదు. పండ్లు ఊడగొట్టు పద్ధతి వర్ణింపబడినది. పండ్లు పోయినవాడు ఆ పిమ్మట ఏమి తినెను, ఎచ్చట తలదాచుకొనెను, అతని బిడ్డలకు పిల్లనిచ్చినవారెవరు అను ప్రశ్న వారికి తట్టలేదు. మ్యూజియములో అస్త్రమును ప్రదర్శించువాడు అది ఎవరిని గాయపరచెనో చెప్పనక్కఱలేదని తలచినట్లున్నది. వెరియర్ ఎల్విన్ ఈ విషయమున కొంత భిన్నుడు. బస్తరులోని మరియా గోండులను గూర్చి 1943లో వెలువడిన తన గ్రంథమున అతడు 100 హత్యావ్యాజ్యములను పరిశీలించి, వానిలో మంత్రప్రయోగ భయము ప్రేరకమైన వానినిగూడ వేఱుపఱచెను. అతనికి మనుష్యులయెడ నిజమైన కరుణ కలదు. కాని ఆ కరుణ మిక్కిలిగా ఉరికంబము నీడలో నున్న ముద్దాయిపై ప్రసరించినది. గ్రంథముయొక్క ఆధారములే వ్యాజ్యపు కాగితములైనపుడు వేఱొండు విధముగా నుండుట కష్టము.

విశ్వాసమునే ఏకైక కారణముగా చూపుటవలన మఱియొక నష్టము కలిగినది. మంత్రగత్తె యను నిందకు వెనుక తఱచుగా గట్టు తగవుండును, పొలము వాటా యుండును, తీరని అప్పుండును. గోవింద్ కేల్కర్, దేవ్ నాథన్ అనువారు 1991లో ప్రచురించిన పరిశోధనమున, ఝార్ఖండ్ ఆదివాసులలో వితంతువులకు భూమిపై గల అనుభవహక్కునకును మంత్రగత్తె ముద్రకును గల సంబంధమును ఎత్తిచూపిరి. ఆ స్త్రీ తొలగినచో భూమి దాయాదులదగును. మన ప్రాంతమున ఈ నింద స్త్రీలకే పరిమితము కాదు. వృద్ధ దంపతులు, నాటువైద్యము చేయువారు, ఊరితో కలియక ఒంటిగా నుండువారు గూడ దీనికి గురియగుచున్నారు. బిడ్డకు జ్వరము వచ్చిన యింట వైద్యుడు లేకున్నచో కారణము వెదకబడును. కారణము వెదకబడినపుడు ఎదురు చెప్పలేనివాడే దొరకును. ‘ఆచారము’ అనుమాట ఈ సంగతులన్నిటిపై ముసుగు కప్పుచున్నది.

ఇంగ్లీషువారి గ్రంథములను విడిచి మన సాహిత్యమును చూచినచో, సంస్కరణయుగమున ఈ విశ్వాసముపై దెబ్బకొట్టినవారు కలరు. వీరేశలింగము పంతులు 1880లో గ్రంథరూపమున వెలువడిన ‘రాజశేఖర చరిత్రము’న బైరాగుల స్వర్ణయోగమును, భూతవైద్యుల మోసమును ఎండగట్టిరి. గురజాడ ‘కన్యాశుల్కము’న పూజారి గవరయ్య యను మంత్రగానిని సృష్టించి, తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిరి. లుబ్ధావధానులింట మాయమైన పెండ్లికూతురు మనుష్యస్త్రీ కాదు, కామినీపిశాచము, దానిని సీసాలో బిగించితిని అని గవరయ్య చెప్పుచుండగా పోలీసువారు సైతము జంకుదురు. ఆ పెండ్లికూతురు నిజమునకు వేషము వేసికొన్న శిష్యుడని ప్రేక్షకుడెరుగును. కావున నవ్వు నిరపాయము. ఇచ్చట గురజాడ ప్రతిభయు, ఆ హాస్యముయొక్క హద్దును ఒక్కచోటనే కనబడును. పిశాచమని పేరుపడిన స్త్రీ అసలు లేనేలేదు గనుక ఆమెకు జరిగిన హానియు లేదు. ఊళ్లలో సీసాలో బిగింపబడునది లేని స్త్రీ కాదు, ఉన్న స్త్రీయే. సంస్కర్తలు మంత్రగాని మోసమును బయటపెట్టిరి. మోసపోయినవారిని చూపిరి. ఆ మోసము ఎవరివైపు వ్రేలు చూపునో ఆ మూడవ వ్యక్తిని వారు రంగస్థలమునకు తీసికొనిరాలేదు.

ఆ మూడవ వ్యక్తికి స్థానము లేకపోవుటయే కాక, ప్రతికూలమైన స్థానము లభించినది నవీన జనరంజక నవలలో. 1980వ దశకపు తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ రచించిన ‘తులసిదళం’ ఎన్నెన్ని యిండ్లలో చదువబడెనో చెప్పనక్కఱలేదు. దాని ఆధారముగా 1985లో కన్నడమున చలనచిత్రము వచ్చినది; కనుక బెంగుళూరు ప్రేక్షకులకును అది అపరిచితము కాదు. కథనమున ఆ నవలకు గల పట్టు, పాఠకుని ఊపిరి బిగబట్టించు నేర్పు అంగీకరింపవలసినవే. వైద్యశాస్త్రమును మంత్రశాస్త్రమును తులాభారమున తూచినట్లు చూపి, నిర్ణయమును పాఠకునికి వదలినట్లు కనబడుట అందలి శిల్పరహస్యము. కాని అందు బాధితురాలెవరు? ప్రయోగమునకు గురియైన పసిబిడ్డ. దోషి యెవరు? ప్రయోగము చేసినవాడు. ఈ పాత్రవిభాగమును ఒకమారు మనస్సున నాటుకొన్న పాఠకుడు, పల్లెలో నిజముగా ఒక వృద్ధుని స్తంభమునకు కట్టివేసినారని విన్నపుడు ఎవరిపక్షమున జాలిపడును? రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పేరుపెట్టి ఆ నవలను ఖండించినది మూఢవిశ్వాస ప్రచారమను దృష్టితో. ఆ విమర్శ న్యాయ్యమే. దానికి చేర్పదగినది మఱియొకటి కలదు: అట్టి నవల అబద్ధమును నమ్మించుటయే కాక, దయ ఎవరిపై చూపవలెనో ఆ దిక్కును మార్చుచున్నది.

బెంగుళూరు ఈ విషయమున స్మరింపదగిన నగరము. తెలుగుమాట వీధివీధిని వినిపించు గౌరీబిదనూరు ప్రాంతమున 1920లో జన్మించిన హెచ్. నరసింహయ్య, 1962లో బెంగుళూరు సైన్స్ ఫోరమును నెలకొల్పుటలో ముఖ్యుడై, బెంగుళూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా నుండగా 1976లో అద్భుతములను, పరిశీలింపదగిన మూఢవిశ్వాసములను విచారించుటకు ఒక సంఘము నేర్పరచెను. ప్రశ్నించుట పౌరధర్మమని అతడు జీవితమంతయు బోధించెను. 2017లో కర్ణాటక శాసనసభ అమానుషమైన దురాచారములను, చేతబడిని నిషేధించు చట్టము నామోదింపగా, 2020 జనవరిలో అది అమలునకు వచ్చినది. బీహారు 1999లోను, ఝార్ఖండ్ 2001లోను, ఛత్తీస్‌గఢ్ 2005లోను, ఒడిశా 2013లోను మంత్రగత్తె ముద్ర వేయుటనే నేరముగా జేసిన చట్టములను చేసికొన్నవి. మహారాష్ట్రమున 2013 ఆగస్టు 20న నరేంద్ర దాభోల్కర్ హత్యకు గురియైన కొలది దినములకే అట్టి ఆర్డినెన్సు వెలువడినది.

ఈ చట్టములలో సూక్ష్మమైన భేదమొకటి కలదు. చేతబడి చేయుటను నిషేధించు చట్టము వేఱు. చేతబడి చేసెనని నిందించుటను నిషేధించు చట్టము వేఱు. మొదటిది మోసగాని నుద్దేశించినది. రెండవది నిందితుని కాపాడునది. హేతువాదము సైతము పెక్కుమారులు మొదటిదానితో తృప్తిపడుచున్నది. అద్భుతము అబద్ధమని నిరూపింపబడును, సభ ముగియును. ఆ అబద్ధమునకు ప్రాణమిచ్చినవాని పేరు ఆ సభలో వినబడదు.

మన వ్యవహారభాషయు ఈ విషయమున పరీక్షింపదగినది. వార్తలలో ‘చేతబడి చేయుచున్నాడను అనుమానముతో హత్య’ అని వ్రాయుట కలదు. ‘చేతబడి నెపముతో హత్య’ అని వ్రాయుటయు కలదు. ఈ రెండును ఒకటి కావు. అనుమానము నిజమైనను కావచ్చును, కాకపోవచ్చును. ఆ మాట వాడినంతనే చనిపోయినవాడు ఏదో చేసియుండునేమో యను సందు మిగులును. నెపము ఎన్నటికిని నిజము కాదు. దాని భారమంతయు చంపినవానిపైననే నిలుచును. తెలుగుభాష ఇంత స్పష్టమైన భేదమును చేతికిచ్చియుండగా దానిని విడుచుట అజాగ్రత్త. అట్లే ‘మంత్రగాడు’ అనునది ఒక వృత్తిని గూడ తెలుపును. రుసుము తీసికొని తాయెత్తు కట్టువానికి ఊరిలో మర్యాద గలదు. ‘మంత్రగత్తె’ అనునది మాత్రము వృత్తినామము కాదు, కేవలము నింద. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు మాటలలో ఒకటి జీవనోపాధి, రెండవది మరణశాసనము.

స్మరించుటకు ప్రయత్నించిన దేశముల అనుభవమునుండి నేర్వదగినవి రెండు కలవు. మొదటిది పేరుల మహిమ. 1992లో సేలంలో వెలసిన స్మారకమున ఒక్కొక్క మృతునికి ఒక్కొక్క శిలాపీఠము కలదు. నార్వేలోని వార్డో అను ఉత్తరతీరపు పట్టణమున 2011లో 91 మంది మృతులకు స్మారకము వెలసినది. అందు ప్రతి వ్యక్తికిని ఒక కిటికీ, ఒక దీపము. నాటి స్కాట్లండు ప్రథమమంత్రి (ఫస్ట్ మినిస్టరు) నికోలా స్టర్జన్ 2022 మార్చి 8న వేలమంది నిందితుల విషయమున ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 1647లోనే ఆల్స్ యంగ్ అను స్త్రీని ఉరితీసిన కనెక్టికట్టు, 2023లో 12 మందిని నిందాముక్తులుగా ప్రకటించినది. వారిలో 11 మంది ఉరితీయబడినవారు. రెండవది హెచ్చరిక. అదే సేలంలో నేడు మంత్రగత్తె బొమ్మ వర్తకమునకు గుర్తు. పోలీసుల చిహ్నముపై సైతము చీపురునెక్కి ఎగురు మంత్రగత్తె కలదు. ఎవరు మంత్రగత్తెలు కారని స్మారకము చాటుచున్నదో, వారిని మంత్రగత్తెలుగనే అంగడి అమ్ముచున్నది. స్మృతికిని వినోదమునకును నడుమ గల గోడ పలుచనిది.

మనకు శిలాస్మారకముకంటె ముందుగా కావలసినది వేఱు. హంతకుని పేరున నిలిచిన వ్యాజ్యమును మృతుని వైపునుండి చదువు అభ్యాసము కావలెను. దయ్యమనుకొని చీకటిలో కత్తి విసరిన రామ్ బహదూర్ థాపా నిర్దోషిగా విడుదలయైన ఒడిశా వ్యాజ్యము 1960 నుండి న్యాయవిద్యార్థులకు పాఠము. అది మంత్రగత్తె వ్యాజ్యము కాదు. పొరపాటున జరిగిన మరణము. ఐనను రాత్రివేళ లాంతరు వెలుగున ఇప్పపూలు ఏరుకొనుచు చనిపోయిన ఆదివాసి స్త్రీ పేరు ఆ పాఠము చదివినవారిలో ఎందఱికి జ్ఞాపకము? జిల్లా న్యాయస్థానముల తీర్పులలో, పాత పత్రికల సంచికలలో, వృద్ధుల నోళ్లలో ఇట్టి పేర్లు ఇంకను మిగిలియున్నవి. వానిని తెలుగున సేకరించుట పండితులకును సంఘములకును తగిన పని. కుటుంబముల అనుమతితో, వారి గౌరవమునకు భంగము కలుగకుండ, ‘ఈతడు ఏ ప్రయోగమును చేయలేదు’ అను ఒక్క వాక్యమును ఊరివారి సమక్షమున చదివించినను, అది కాగితము లేని ఆ తీర్పునకు రద్దువంటిది.

బ్రదికినవారి గొంతును ముందు వినవలెను. ఝార్ఖండున తానే ఆ ముద్రకు గురియై, పిమ్మట ఇతర స్త్రీలను కాపాడుటకు జీవితము నంకితము చేసిన చుట్నీ మహతో, అస్సామున ఈ వేటకెదురు నిలిచి 2024లో కన్నుమూసిన బీరుబాలా రాభా, ఇరువురును 2021లో పద్మశ్రీ పొందిరి. వారి మాటలలో మంత్రము లేదు, వింత లేదు. పొరుగువారి ముఖములు, మూసిన తలుపులు, రాత్రి ఊరు విడిచిన నడక మాత్రమే కలవు. మన కథకులు ఇన్నాళ్లు వ్రాయని కథ అదియే. కాష్మోరాను వర్ణించుటకు చూపిన నేర్పులో పదియవ వంతు ఆ నడకపై చూపినను తెలుగు వాఙ్మయము ఒక పాత ఋణమును తీర్చుకొన్నదగును.